ముందు పిల్ల ఎక్కడుందో సెప్పు

జూలై రెండో సోమవారం. పొద్దున్నే అమ్మ ఫోన్‌కి చెల్లి బడి నుంచి మెసేజ్ వచ్చింది. "ఈరోజు వాన పడొచ్చు. చిన్నపిల్లల బ్యాగులో ఒక జత సాక్సు ఎక్కువ పెట్టండి." కింద మా పై అంతస్తు ఆంటీ పేరు ఉంది. అమ్మ అది చదివి గోడకి ఆనుకుని ఉండిపోయింది. కాసేపటి క్రితమే అంకుల్ హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి, ఆంటీ తెల్లవారుజామున చనిపోయారని చెప్పారు.

మెసేజ్ శుక్రవారమే రాసి, సోమవారం వెళ్లేలా పెట్టి ఉంచారట. అది ఆవిడ అలవాటు.

సింగపూర్‌లో మా వుడ్‌ల్యాండ్స్ చుట్టుపక్కల ప్రభుత్వ బడుల తరఫున తల్లిదండ్రులతో మాట్లాడే కార్యాలయానికి ఆంటీ పెద్ద. పక్క దేశపు అడవుల పొగ కమ్మితే బడి ఉంటుందా, పుకారు పుడితే ఏం జవాబివ్వాలి, ఏ మాట ఎవరు ఎప్పుడు చెప్పాలి, అన్నీ ఆవిడే తేల్చేవారు. మలేషియాలో పుట్టిన తెలుగావిడ. తాతలతో ఓడలో వచ్చిన యాసని అలాగే ఉంచుకుని, అందులో మలయ్ మాటలు, ఇక్కడివాళ్లు వాక్యం చివర తగిలించే 'లా' కలిపేవారు.

ఏ ప్రకటనైనా బయటికి వెళ్లేముందు దాన్ని పట్టుకుని పై అంతస్తు కారిడార్‌లో నడుస్తూ తెలుగులో పైకి చెప్పుకునేవారు. కొత్తగా దిగినవాళ్లు ఆవిడ ఏదో స్తోత్రం చదువుతున్నారనుకునేవారు. ఇంటి భాషలో చెప్పలేనిది మనకే అర్థం కాలేదని ఆవిడ లెక్క. వినడానికి నన్ను పిలిచేవారు. "నువ్విప్పుడు బయపడిన అమ్మవి. అడుగు," అనేవారు. నేను అడిగేదాన్ని.

ఒకసారి విహారయాత్ర నుంచి తిరిగొస్తున్న బడి బస్సుని లారీ రాసుకుంది. అప్పటికి నాకు పెద్ద పెద్ద మాటల పిచ్చి కొత్తగా పట్టింది.

"ఆంటీ, 'అనుకోకుండా జరిగిన ఒక సంఘటన దృష్ట్యా' అని మొదలుపెడితే బాగుంటుంది కదా?"

"ఎవులికి బాగుంటాది? నీకా, ఆ తల్లికా?"

"గౌరవంగా ఉంటుందని..."

"అయ్యో పాపా, నీ దృష్ట్యా దాటేలోగా ఆయమ్మ సగం సచ్చిపోద్ది లా! ముందు పిల్ల ఎక్కడుందో సెప్పు. గౌరవం తరవాత."

పిల్లలందరూ బడికి చేరారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, అని మొదలైంది ఆ ప్రకటన. లారీ సంగతి తర్వాత వచ్చింది. తప్పెవరిదో ఇంకా తెలియదు. ఆ మాట ఎలా దాటవేయాలా అని నేను ఆలోచిస్తుంటే ఆవిడ నవ్వారు. "తెలీకపోతే తెలీదని రాయి. మళ్లీ ఎప్పుడు సెప్తావో అది కూడా రాయి. ఆ టైముకి సెప్పు." సాయంత్రం చెప్పిన వేళకి, ఇంకా తెలియలేదని ఇంకో మెసేజ్ వెళ్లింది. తెలియలేదని చెప్పడానికో మెసేజా అని మా నాన్న నవ్వారు. నవ్వుతూనే రెండోసారి చదువుకున్నారు.

"ఇంక మకాన్ సేద్దాం, రా," అని ఆంటీ నా చేతిలో పళ్లెం పెట్టారు.

ఈరోజు బడి నుంచి వచ్చేసరికి పై కారిడార్‌లో అడుగుల చప్పుడు వినిపించింది. ఆ చివరినుంచి ఈ చివరికి, మళ్లీ వెనక్కి. మెట్లెక్కి చూశాను. ఎవరూ లేరు. ఆంటీ తలుపు మూసి ఉంది. చెప్పులు గుమ్మం బయటే, ఇప్పుడే తొడుక్కుని వెళ్లబోతున్నట్టు బయటికి తిరిగి ఉన్నాయి. కిందికి దిగాక చప్పుడు మళ్లీ మొదలైంది. నేను మళ్లీ పైకి వెళ్లలేదు.

తర్వాత చెల్లి బడి ప్రిన్సిపల్ ఫోన్ చేశారు. సోమవారాలు గేటు దగ్గర నిలబడే ఆంటీ ఈరోజు ఎందుకు రాలేదని చిన్నపిల్లలు అడిగారట. రేపు అసెంబ్లీలో చెప్పాలి, ఆవిడ దగ్గర నేర్చుకున్నదానివి, నువ్వే చెప్పగలవా అన్నారు. చెప్తానన్నాను. ఆంటీ పేరుతో రేపటినుంచి వెళ్లాల్సిన మెసేజులు ఆపేశామని కూడా చెప్పారు.

"ఆపేశారా?" అంది అమ్మ. పొద్దున ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

రాయడానికి కూర్చున్నాను. 'మన మధ్య లేరు' అని రాశాను. లేరంటే క్యాంటీన్‌కి వెళ్లారా అని ఆవిడే అడిగినట్టనిపించి కొట్టేశాను. 'వెలుగులో కలిసిపోయారు' అన్నది నాకు చాలా నచ్చింది. అదీ కొట్టేశాను. 'చనిపోయారు' అని రాశాక చెల్లి నా భుజం మీదుగా చూసింది.

"బట్ అక్కా, ఆంటీ ఇప్పుడు ఎక్కడున్నారు లా?"

ఆవిడ నేర్పిన మొదటి ప్రశ్న అదే. పైన అడుగులు ఆగాయి, నా జవాబు కోసం నిలబడినట్టు.

"తెలీదు," అన్నాను. "బుధవారం మళ్లీ మాట్లాడుకుందాం."

"బుధవారం తెలుస్తుందా?"

"తెలియకపోతే తెలియలేదని చెప్తాను."

అది వినగానే చెల్లి తల ఊపి వెళ్లిపోయింది. కాగితం మీద కూడా అదే రాశాను.

రేపు పొద్దున కాస్త ముందే లేస్తాను. పై అంతస్తుకి వెళ్లి, ఆ చెప్పులు దాటుకుంటూ, కారిడార్ ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తూ దీన్ని తెలుగులో ఒకసారి పైకి చెప్పుకుంటాను. తర్వాత చెల్లి చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి వెళ్తాను.