మిక్సీ ప్లగ్గులో మెయిల్ సర్వర్

కంకిపాడు వెంకటసుబ్బారావు గారికి నచ్చే మెయిల్ సర్వర్ ఇంకా పుట్టలేదు. థర్మల్ స్టేషన్‌లో రిటైరైన ఆయన పాత కంప్యూటర్లో యూనిక్స్ ఎక్కించి, "మన మెయిళ్లు మనింట్లోంచే వెళ్లాలి" అని పట్టుబట్టారు. ఇంట్లో ఇన్వర్టర్ ప్లగ్గు ఒక్కటే, అదీ మిక్సీది. అందుకని సర్వర్ వంటింట్లో కాపురం పెట్టింది. భార్య రాజ్యలక్ష్మి గారు గోంగూర పచ్చడి రోట్లో నూరుతున్నారు.

"ఏదో ఒకటి ఖాయం చేస్తే ముందుగదికి ఇన్వర్టర్ లైను లాగిస్తానన్నారుగా! మొదట పెట్టిన సెండ్‌మెయిల్ సర్వర్‌కేమైంది?"

"కాన్ఫిగరేషన్ ఫైలు చూశావా? చీమలు సిరాలో పడి పరిగెత్తినట్టుంది."

"ఎగ్జిమ్?"

"అన్నిటికీ మీటలే. మళ్లీ కంట్రోల్ రూములో కూర్చోడానికా నేను రిటైరైంది?"

"మొన్నటిదో?"

"పది లైన్లలో అయిపోయింది. అంత తేలిగ్గా అయితే నమ్మేదెలా?"

కొత్తది ఎక్కించినప్పుడల్లా పరీక్ష మెయిల్ ఇబ్రహీంపట్నం జాన్‌బాబు గారికే. ఇద్దరూ ఒకే షిఫ్టు వాళ్లు. పక్షవాతంతో మాట ముద్దయినప్పటినుంచి జాన్‌బాబు గారు సిగ్గుపడి నోరే విప్పడం లేదు. భార్య సువార్తమ్మ ఏమడిగినా తలూపుడే. అలాంటి మనిషికి మెయిల్ కొట్టడం, వెంటనే ఫోన్ చేయడం!

"వచ్చిందా? పైన అది ఏ దారిన వచ్చిందో ఉంటుందే, ఆ హెడర్లన్నీ చదువు. గట్టిగా! తప్పు నువ్వే పట్టాలి."

రాజ్యలక్ష్మి గారు పచ్చడిబండతోనే వచ్చారు. "జబ్బు మనిషిని పీడిస్తారేంటండీ?"

"ఉండవే, అక్షరం పోతే సర్వరే పోతుంది."

ఇక లాభం లేదని ఆవిడే ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. "సరే, ఇప్పుడున్న పోస్ట్‌ఫిక్సే ఖాయం," అని సుబ్బారావు గారు ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టి స్నానానికి వెళ్లారు. అంతలో ఫోన్ మోగింది.

"చెల్లెమ్మా... టైము... అయిదున్నర గంటలు... వెనక పెట్టాడు. చెప్పు వాడికి." నెమ్మదిగానే, కానీ మాటకు మాట విడిగా.

"అన్నయ్య గారూ! మీరు మాట్లాడుతున్నారే!"

"డాక్టరు... బైబిలు పైకి చదవమన్నాడు. ఈ నోటితో... వాక్యం పాడుచేయనన్నా. వీడి హెడర్లను... పాడుచేసేదేముంది! తప్పులు... కావాలనే పెడతాడు. నాకు తెలుసని... చెప్పకు."

సుబ్బారావు గారు తువ్వాలుతో పరిగెత్తుకొచ్చారు. "ఏమన్నాడు?"

"పోస్ట్‌ఫిక్స్ బాగాలేదటండీ."

ఆయన మొహం వెలిగిపోయింది.

"అమ్మా, లైను ఎటు లాగమంటారు?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఎటూ వద్దు నాయనా, కాఫీ తాగి వెళ్లు." రాజ్యలక్ష్మి గారు మళ్లీ రోలు ముందు కూర్చుని బండ అందుకున్నారు. "ఏవండీ, క్యూమెయిల్ అని ఇంకోటుందన్నారుగా? దాని హెడర్లు పొడుగ్గా ఉంటాయా?"