మనమా, మేమా?

న్యూయార్క్ రైల్లో కూర్చుని సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదువుకుంటున్నాను. అమెరికా రాజ్యాంగంలో మొదటి మూడు మాటలేవి? "వి ద పీపుల్" అని పైకే అనుకుని, అలవాటు కొద్దీ తెలుగులోకి తిప్పాను: "ప్రజలమైన మనం."

అదేం భాష అని పక్కసీట్లోని నల్లజాతి పెద్దావిడ అడిగింది. తెలుగని చెప్పి, మాకు 'వి'లు రెండున్నాయని గొప్పగా వివరించాను. "మనం అంటే మీరూ నేనూ కలిసి. మేము అంటే మీరు కాకుండా మావాళ్ళు."

ఆవిడ అల్లుతున్న ఊలు ఒళ్లో పెట్టుకుంది.

"ఆ రాజ్యాంగం రాసేనాటికి మావాళ్ళు బానిసలు. రాష్ట్రాలు చట్టసభలో సీట్లు పంచుకోవడానికి మా ఐదుగుర్ని ముగ్గురి కింద లెక్కేశారు. బానిస అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు, సిగ్గేసిందేమో. మీ భాషలో అయితే ఏ 'వి' రాసేవాళ్ళు?"

నేను చేతిలో పుస్తకం మూశాను.

"ఆ రెండోదే కదా! ఇంగ్లిష్ కాబట్టి తప్పించుకున్నారు," అని నెవార్క్‌లో దిగిపోయింది.

ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. చెప్పాను. ఆఫీసర్ చెయ్యి కలిపి, "యూ ఆర్ వన్ ఆఫ్ అస్ నౌ" అన్నాడు.

మనలో ఒకడివన్నాడా, మాలో ఒకడివన్నాడా? ఆవిడైతే టక్కున చెప్పేసేది.