ఎర్రకళ్ల సారు

నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసు గుమాస్తా గిరిధర్‌రావు జన్మలో ఎవర్నీ కసిరి ఎరగడు. ఆ అవసరమే రాలేదు. పొద్దంతా రెప్ప వేయకుండా కంప్యూటర్‌ చూసి, నెత్తిమీది ఫ్యాను గాలికి ఎండిపోయి, ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉంటాయి. అర్జీలతో వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగి, "సారు గరం మీదున్నడు, రేపొస్తే నయం" అని వెనుదిరుగుతారు. మొన్న మంట భరించలేక పక్క సీటాయన ఇచ్చిన చుక్కలు వేసుకున్నాడు. మంట అలాగే ఉంది గానీ కళ్లు మల్లెపూలల్లే తెల్లబడ్డాయి. ఆ పూటే కొండమ్మ అనే ముసలావిడ, రమ్మనకుండానే వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. "నా కాయితమిచ్చి ఆరు నెలలాయె. ఏంది సారూ గిట్ల?" అని నిలదీసింది. ఆమె కుర్చీ వదలకపోయేసరికి, పాపం, పని చేసి పెట్టాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే ఆబిడ్స్‌లో మందుల షాపుకు పరుగెత్తాడు. షాపాయన రెండు సీసాలు ముందు పెట్టాడు. "గిదేస్తే ఎరుపు జల్ది పోతది, మంట పోదు. గిదేస్తే మంట తగ్గుతది, ఎరుపు గూడ మెల్లగ పోతది." గిరిధర్‌రావు రెండింటినీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"మంట పోవాలె, ఎరుపు ఉండాలె. గట్లాంటిది లేదా భాయ్?"