పళ్ళ డాక్టరుకి నచ్చని స్పీకర్లు

స్టెర్గియోస్ కొట్టు ఎందుకు మూతపడిందని అడిగితే, కాలం మారిందంటారు మా వీధివాళ్ళు. కాలం ఏం చేసింది పాపం? చేసింది మనుషులు. నా కళ్ళారా చూశాను, ఎదురుగానే నా మంగలి షాపు.

నలభై ఏళ్ళు వాడు మంచి స్పీకర్లు, ఆంప్లిఫైయర్లు తప్ప మరోటి అమ్మలేదు. వెనక గదిలో కుర్చీ ఒక్కటే. వచ్చినవాడు తన రికార్డు తెచ్చుకుని, కూర్చుని వినాలి. నచ్చితే స్పీకర్లు వాళ్ళింటికే మోసుకెళ్ళి శని, ఆదివారాలు ఉంచేవాడు. కాగితం లేదు, బయానా లేదు.

"ఇంట్లో వినకుండా ఎలా కొంటాడ్రా?" అనేవాడు. మా థెస్సలోనికి ఊళ్ళో వాడి పేరంతా ఆ అలవాటుదే.

పళ్ళ డాక్టరు అనెస్టిస్ పదకొండు శనివారాలు ఆ కుర్చీలో కూర్చుని, ఒకే ఖరీదైన జత వింటూ కాఫీలు తాగాడు. కొట్టు అద్దె ఒప్పందం వచ్చే శుక్రవారంతో సరి. ఈ జత అమ్ముడైతే ఇంకో ఏడాది ఉంటాను, లేదంటే మూసేస్తానని స్టెర్గియోస్ నాతో అన్నాడు. ఇద్దరం డాక్టరింటికి మోశాం. నేల మీద పాకుతూ, అంగుళం అంగుళం జరుపుతూ, వాటికి చోటు కుదర్చడానికి మూడు గంటలు పట్టింది వాడికి.

సోమవారం డాక్టరు తిరిగి తెచ్చాడు.

"మా గదికి పడలేదు స్టెర్గియోస్ గారూ. ఏమీ అనుకోకండి."

ఈ వెర్రిబాగులవాడు నమ్మేశాడు! మూడు రోజులు తిండి సహించలేదు.

"తప్పు నాదే లాజరోస్. అక్కడ నేలంతా చలువరాయి కదరా. తివాచీ పరిస్తే సరిపోతుంది," అన్నాడు నాతో.

గురువారం తన పడగ్గది తివాచీ చుట్టి నా భుజానికెత్తాడు.

డాక్టరు భార్య తలుపు తీసింది. "రండి రండి! నిన్ననే వచ్చాయి. మీరు చెప్పిన చోటే పెట్టించారు."

గుమ్మం పక్కన రెండు ఖాళీ అట్టపెట్టెలు. లోపల అదే జత, సరికొత్తది. డాక్టరు సోఫాలోంచి లేచాడు. మొహంలో సిగ్గు మచ్చుకైనా లేదు వెధవకి.

"నెట్‌లో కాస్త తక్కువకొచ్చాయండీ. కానీ ఎందుకో మీ కొట్లోలా మోగడం లేదు. ఎలాగూ వచ్చారుగా, ఓసారి చూద్దురూ."

నాకు ఒళ్ళు మండిపోయింది. తివాచీ వాడి నెత్తిన పడేద్దామనుకున్నాను. స్టెర్గియోస్ మాత్రం కళ్ళు మూసుకుని నిమిషం విన్నాడు. ఒక స్పీకరుకి తీగలు తారుమారుగా బిగించి ఉంటే, మోకాళ్ళ మీద కూర్చుని విప్పి సరిగా బిగించాడు. పాట గదంతా నిండింది.

"చూశారా!" అన్నాడు డాక్టరు. "ఇందుకే మీలాంటి కొట్లు వీధికొకటి ఉండాలండీ."

మెట్లు దిగుతూ అరిచాను. "సిగ్గు లేదట్రా నీకు? వాడి మొహాన ఉమ్మెయ్యక, పైగా బాగుచేసి వస్తావా?"

"తప్పుగా మోగుతుంటే వదిలేసి ఎలా రానురా?" అన్నాడు.

మర్నాడు కొట్టు తాళాలు ఓనరుకి ఇచ్చేశాడు.

శనివారం డాక్టరు గడ్డం గీయించుకోవడానికి నా దగ్గరికొచ్చాడు. అద్దంలో స్టెర్గియోస్ కొట్టు మూసిన తలుపు చూసి, "అయ్యో, ఇక ఏదైనా చెడితే ఎవరికి చూపించాలి?" అన్నాడు. ఒక చెంప గీయడం అయింది, రెండోదాని మీద నురగ అలాగే ఉంది. మెడ చుట్టూ కప్పిన గుడ్డ లాగేసి తలుపు తీశాను.

"మిగతాది నెట్‌లో గీయించుకో, పో."