పళ్ళక్కకు సెలవు

మా అక్క కట్టుడు పళ్ళు చేస్తుంది. మైనపు చిగుళ్ళ మీద ఒక్కో పన్నూ నిలబెట్టి, పక్కదానితో పేచీ పెట్టుకోకుండా సర్దడం ఆమె పని. అందుకే అందరికీ పళ్ళక్క అయింది. ఊళ్ళో సగం నవ్వులు తన చేతిలోనే పుట్టాయని కోతలు కోస్తుంది గానీ, ఆ నవ్వులు పెట్టుకున్న వాళ్ళెవరూ ఆమె ముఖం చూసి ఉండరు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆమె కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. ల్యాబు ఉన్నది నాలుగో అంతస్తులో. రోజూ పొద్దున చక్రాల కుర్చీని లిఫ్టులోకి తోసి, నేను ఎదురుగా ఉన్న బట్టల షాపులో బిల్లులు కొట్టడానికి పోతాను.

ల్యాబు నిండా మైనం కరిగించే దీపాలూ, ముక్కుపుటాలు అదిరే మందుల డబ్బాలూ ఉంటాయి కాబట్టి అప్పుడప్పుడూ ఫైర్ డ్రిల్ పెడతారు. గంట మోగగానే అందరూ మెట్లు దిగి ఎదుటి ఖాళీ స్థలంలో వరసగా నిలబడాలి. పక్క బల్ల వాళ్ళు ఉన్నారో లేదో ఎవరికి వారు చూసుకోవాలి. యజమాని "అందరూ వచ్చారా?" అని అడిగితే "వచ్చాం సార్" అనాలి. డ్రిల్ రోజు మాత్రం మా అక్కకు సెలవు. జీతంతో సహా.

యజమాని చెడ్డవాడైతే నాకింత మంట ఉండేది కాదు. చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. నన్నూ ఒకసారి దించి చూడండి సార్ అని అక్క అడిగినప్పుడల్లా, నీకెందుకమ్మా శ్రమ, హాయిగా ఇంట్లో పడుకో అనేవాడు. నలుగురిలో ఆడపిల్లను మెట్ల మీద మోసుకొస్తే ఏం బాగుంటుందని నాతో కూడా అన్నాడు. మెట్ల మీద మనిషిని దించే బెల్టుల కుర్చీ ఒకటి మంచి ధర పెట్టి కొన్నాడు కూడా. పాడవుతుందని ప్లాస్టిక్ కవరు విప్పకుండా కింద స్టోరు గదిలో పెట్టి తాళం వేయించాడు. పైవాళ్ళను దించే కుర్చీ కిందుంది, చూశారా, అదీ ఆయన తెలివి.

"నిప్పు కూడా నాకు సెలవిస్తుందేమో కనుక్కోండి సార్" అంది అక్క ఒకసారి. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఒక మధ్యాహ్నం మూడో అంతస్తులో కరెంటు బోర్డు అంటుకుంది. ఆ సమయానికి అక్క తన బల్ల దగ్గర లేదు, వెనక గదిలో పళ్ళ అచ్చులు పోస్తోంది. గంట మోగింది. లిఫ్టు ఆగిపోయింది. డ్రిల్లులో నేర్చుకున్నట్టే అందరూ ఏమీ పట్టుకోకుండా, వెనక్కి తిరగకుండా దిగిపోయారు. కిందికొచ్చి వరసగా నిలబడ్డారు. యజమాని అడిగాడు, వాళ్ళు వచ్చాం అన్నారు. ఫైరింజను వచ్చీ రాగానే పైన ఎవరూ లేరని వాళ్ళకు చెప్పేశారు.

నేను షాపులోంచి పరుగెత్తుకొచ్చి ఆ వరసలో మా అక్క కోసం వెతికాను. చక్రాల కుర్చీ కనపడలేదు. అక్క పక్క బల్ల మైనం బాబాయ్‌ది. మైనం కరిగించీ కరిగించీ వేళ్ళు నున్నబడిన పెద్దాయన, ఆ పొద్దున్నే ఆమె డబ్బాలో అన్నం పంచుకు తిన్న మనిషి. బాబాయ్, అక్కేదీ అన్నాను.

"ఇవాళ సెలవు కదమ్మా" అన్నాడు.

అన్నాక తన మాట తనకే వినపడింది. గంట మోగిందంటే పక్క సీటు ఖాళీ అని ఆయనకు ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. అట్లాగే నేల మీద కూలబడ్డాడు. అంతలో నా ఫోను మోగింది, అక్కే.

"చిన్నీ, మెట్ల దాకా వెళ్ళానే. కుర్చీ దిగి కూర్చుని జరుగుదామనుకున్నా. పొగ ఎదురొచ్చింది. మళ్ళీ వెనక గదిలోకే వచ్చి తలుపేసుకున్నా. సందులో తడిగుడ్డలు కుక్కా. నేనిక్కడున్నానని ఎవరికైనా చెప్పవే."

ఫైర్ ఆఫీసరు కోటు పట్టుకుని మా అక్క పైనుందని చెప్తే, అందరూ దిగారన్నారే అని ఆయన యజమాని వైపు చూశాడు. నేను ఫోను స్పీకరులో పెట్టాను. దగ్గు వినపడింది. ఆఫీసరు ఇంకేమీ అడగకుండా ఇద్దర్ని పైకి పంపాడు.

మైనం బాబాయ్ లేచి స్టోరు గదికి పరుగెత్తాడు. తాళం చెవి నాలుగో అంతస్తులో, యజమాని సొరుగులో ఉంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటారే, మాకు ఆ తవ్వడానికి గునపం కూడా లేదు. ఆయన ఉత్త చేతులతో తలుపు బాదుతూనే ఉన్నాడు. ఫోనులో దగ్గు మెల్లగా తగ్గింది. దగ్గు తగ్గినందుకు నేను ఏడ్చింది ఆ రోజే. అక్కా, దగ్గవే, ఇంకోసారి దగ్గవే అని అరుస్తూనే ఉన్నాను. ఇక దగ్గు వినపడలేదు.

పైకి పోయిన ఆ ఇద్దరూ అక్కను భుజాన వేసుకుని దించారు. ముఖమంతా మసి, చేతి వేళ్ళకు ఆరిన అచ్చుపిండి. ఊపిరి ఉందని ఎవరో అన్నారు. నేను నమ్మలేదు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నాను.

ఆసుపత్రి నుంచి ప్రాణంతో వచ్చింది గానీ గొంతు రాలేదు. డాక్టర్లు మెల్లగా వస్తుందన్నారు. ఎప్పటికన్నది చెప్పలేదు. అక్క మళ్ళీ పనిలోకి పోయిన కొన్నాళ్ళకు యజమాని ఇంటికి ఫోను చేశాడు. రేపు డ్రిల్లట. పాపం, పడ్డ కష్టం చాలు, సెలవు తీసుకోమన్నాడు. నా నోటికొచ్చింది నేను అనబోతే, అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. మర్నాడు మామూలుకన్నా ముందే తయారైంది.

నేనూ వెంట పైకి పోయాను. బెల్టుల కుర్చీ ఇప్పుడు ఆమె బల్ల పక్కనే ఉంది. అది అడిగి పెట్టించింది మైనం బాబాయే. గంట మోగింది. బాబాయ్, ఇంకొకతను ఆమెను కూర్చోబెట్టి బెల్టులు కట్టారు. ఎప్పుడూ చెయ్యని పని, ఏ బెల్టు ఎక్కడిదో తెలియక తంటాలు పడ్డారు. మూడో అంతస్తు మలుపులో బాబాయ్ నున్నటి వేళ్ళు జారాయి. కుర్చీ ఒరిగింది. గోడకి ఇంకా మసి ఉంది. ఆ మసి చూసిందేమో, అక్క గజగజ వణికిపోయింది. కింద నుంచి యజమాని, చాలు చాలు, పైకి తీసుకుపొండి, భయపడుతోంది అన్నాడు. బాబాయ్ ఆమె వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి, వేలితో కిందికి చూపించింది.

దించారు. అందరికన్నా ఆఖరున, ఒళ్ళంతా చెమటలతో వరసలోకి తెచ్చి కుర్చీని బాబాయ్ పక్కన పెట్టారు.

"అందరూ వచ్చారా?" అన్నాడు యజమాని.

ఒక్కరూ వచ్చాం అనలేదు. అందరూ మా అక్క వైపు తిరిగారు. ఆమె నోరు తెరిచింది. గొంతు పెగలలేదు. చెయ్యెత్తింది.