జొన్నరొట్టె మచ్చ రంగు

ఈమధ్య ఒక సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వెళ్తుంటే నా ముందు ఒక పాత టూ-స్ట్రోక్ బండి పోతోంది. దాని వెనుక పలుచటి నీలం పొగ కాసేపు గీతలా నిలబడి, తర్వాత మెల్లగా చేల మీదికి విడిపోతోంది. పెట్రోలూ ఇంజనాయిలూ కలిసి కాలిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా బండి వేగం దానంతటదే తగ్గింది. దాటి పోవాలనిపించలేదు. వాలుతున్న ఎండలో, ఆ పొగలోనే కొంతదూరం పోయేసరికి తిప్పన్న మేస్త్రీ నా వెనుక సీటు మీద కూర్చుని, ఒక చెవి కిందికి వంచి ఇంజను చప్పుడు వింటున్నట్టే ఉంది.

తిప్పన్నకు ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనుక సందులో బళ్ళు బాగుచేసే చిన్న షెడ్డు ఉండేది. మెకానికల్ డిప్లొమా అయ్యాక నేను అక్కడ చేరాను. ఆయన ఐటీఐ చదివినవాడే. కానీ కొత్త బళ్ళు ముట్టేవాడు కాదు. "అవి కంప్యూటర్ మాట వింటాయప్పా, నా మాట యాడ వింటాయి?" అనేవాడు. హొళగుంద, హాలహర్వి పల్లెల్లో పాత టూ-స్ట్రోక్ బళ్ళను వదల్లేనివాళ్ళంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరివచ్చిన దూది షెడ్డులో ఎప్పుడూ తేలుతూ ఉండేది. మేము దాని మధ్య నీళ్ళలో చేపల్లా తిరిగేవాళ్ళం.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ప్లగ్గు చదవడం. స్పార్క్ ప్లగ్గు కొనలో తెల్లటి పింగాణీ ఉంటుంది. లోపల మంట ఎలా మండుతోందో దాని మీద రంగుగా మిగులుతుంది. పెట్రోలు చాలకపోతే అది సున్నంలా తెల్లగా ఉంటుంది. అలా నడిపితే ఇంజను వేడెక్కి, పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తుంది. పెట్రోలు ఎక్కువైతే నల్లటి మసి, తడి. సరిగ్గా ఉంటే లేత గోధుమ రంగు. తిప్పన్న దాన్ని జొన్నరొట్టె మీద పెనం మచ్చ రంగు అనేవాడు. కార్బురేటర్ లోపల జెట్ అని ఒక చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. పెట్రోలు దాని రంధ్రంలోంచే పోవాలి. రంగును బట్టి పెద్ద రంధ్రమున్న జెట్టో, చిన్న రంధ్రమున్న జెట్టో వేయాలి. ఊరి బయట ఎత్తు రోడ్డు మీద బండిని పూర్తి వేగంతో ఎక్కించి, ఆ వేగంలోనే ఇంజను ఆపి, క్లచ్చు పట్టుకుని జారుతూ పోయి ఆగేవాళ్ళం. ఇంజను ఆగిన నిశ్శబ్దంలో గాలి చప్పుడు మాత్రమే వినిపిస్తూ అలా జారిపోవడం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. ఆగగానే అక్కడే ప్లగ్గు విప్పి, గుడ్డతో పట్టుకుని, తిప్పన్న నీడలోకి తిరిగి చూసేవాడు. "పాపం, ఆకలితో ఉండాది" అనేవాడు. లేకపోతే "తిని తిని అరగక ఉండాది దీనికి."

ఈరన్నది ఎమ్మిగనూరు. చేనేతవాడు. ఇంట్లో నేసిన తువ్వాళ్ళు, పంచెలు మూట కట్టి బండి మీద ఊరూరా తిరిగి అమ్మేవాడు. ఆ బండి లేకపోతే ఆయనకు బేరం లేదు. ఒక ఎండాకాలం ఆ బండి పిస్టన్ పట్టేసింది. కొత్త పిస్టన్ వేసి, జెట్ సరిచేసి పంపాం. కొద్ది రోజులకే మళ్ళీ పట్టేసింది. నేను కారణాలన్నీ వరుసగా అనుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను: ఆయిలు తక్కువ కలపడం, గాలి లీకు, పెట్రోల్లో నీళ్ళు. ఏదీ కాదు. ప్లగ్గు మాత్రం మేస్త్రీ చూశాడు కదా అని నేను చూడలేదు. తిప్పన్న మాత్రం పెట్రోలు బంకును తిట్టి, మళ్ళీ బాగుచేసి ఇచ్చాడు. మూడోసారి హాలహర్వి దారిలో ఇంజను పట్టేసి వెనుక చక్రం బిగుసుకుపోయింది. ఎదురుగా లారీ. ఈరన్న రోడ్డు పక్క కంపల్లో పడి బతికాడు. చెయ్యంతా గీరుకుపోయి, బండినీ మూటనూ ట్రాలీ ఆటోలో వేసుకుని షెడ్డుకు వచ్చాడు.

"ఏందన్నా, నన్ను సంపేదానికే సేస్తాండావా ఈ బండి?" అన్నాడు దిగుతూనే. నవ్వుతూనే అన్నాడు.

తిప్పన్న ప్లగ్గు విప్పాడు. నీడలోకి తిరిగి చాలాసేపు చూశాడు. "జొన్నరొట్టె రంగే కదప్పా. దీనికేం రోగం?" అన్నాడు. నేను వంగి చూశాను. సున్నం. ఎక్కడా గోధుమ ఛాయ కూడా లేదు.

"తెల్లగా ఉండాది మేస్త్రీ," అన్నాను.

"ఎండలో తిరిగి నీ కండ్లు బైర్లు కమ్మినాయి. నీళ్ళు తాగిపో."

"నువ్వు సూడు ఈరన్నా," అని నేను ప్లగ్గు ఆయనకిచ్చాను. ఈరన్న దాన్నీ చూశాడు, తిప్పన్న ముఖాన్నీ చూశాడు. మూట విప్పి రెండు తువ్వాళ్ళు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఒకటి చలువ చేసిన తెల్లది. ఇంకొకటి చలువ చేయని కోరా నూలుది, మీగడ రంగులో ఉంది.

"ఏది కోరా, ఏది తెలుపు? సెప్పన్నా."

తిప్పన్న నవ్వి చెయ్యి చాపాడు. కోరా నూలు గరుగ్గా ఉంటుంది, వేళ్ళకు తెలిసిపోతుంది. ఈరన్న తువ్వాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "చెయ్యొద్దు. కంటితో సెప్పు."

తిప్పన్న తువ్వాళ్ళ దగ్గరికి పోయాడు. దూరం జరిగాడు. ఈరన్నను గడప దాటి వెలుతురులోకి రమ్మన్నాడు. దూది పోగులు ఆ ఇద్దరి మధ్య నెమ్మదిగా దిగుతున్నాయి. చివరికి, "రెండూ కోరానే గదరా," అన్నాడు. గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

కంట్లో శుక్లం పొర వచ్చి, లోకమంతా ఆయనకు పసుపు పట్టిపోయింది. సరైన రంగు మీదున్న ప్లగ్గు ఆయన కంటికి ముదురుగా కనిపించేది. అందుకని జెట్ తగ్గించేవాడు. తన కంటికి జొన్నరొట్టె రంగు వచ్చేదాకా తగ్గిస్తే, నిజానికి అది సున్నం అయ్యేది. ఈరన్న బండి ఒక్కటే ఎక్కువ దూరాలు, ఎక్కువ బరువుతో తిరిగేది కాబట్టి ముందు బయటపడింది. ఆ సాయంత్రమే తిప్పన్న పల్లెలకు కబురు పంపాడు. ఆ ఎండాకాలంలో తన దగ్గరికి వచ్చిన ప్రతి బండినీ తిరిగి తెమ్మన్నాడు. ఎందుకని అడిగినవాళ్ళకు, "నా కన్ను సెడిపోయిందప్పా, బండి నడపాకు" అని తనే చెప్పాడు. దాచలేదు.

ఆపరేషన్‌కు మాత్రం ఒప్పుకోలేదు. "ఇప్పుడు తప్పో ఒప్పో ఏదో ఒక రంగు కనపడతాంది. కత్తి పెట్టినాక అదీ పోతే?" అనేవాడు. తిరిగివచ్చిన బళ్ళను మేమిద్దరం కలిసి సరిచేశాం. నేను ప్లగ్గు చూసేవాణ్ణి, ఆయన కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. మొదట్లో నేను తొందరపడి "పెట్రోలు తక్కువ మేస్త్రీ" అనేవాణ్ణి. ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "తీర్పు సెప్పాకు. రంగు సెప్పు. అంచు ఎట్లుండాది, అడుగు ఎట్లుండాది? మచ్చ యా పక్క?" నేను చూసినది చూసినట్టు చెబుతూ పోయేవాణ్ణి. ఆయన మూసిన రెప్పల వెనుక ఆ రంగులు ఒకదాని తర్వాత ఒకటి వెలిగేవి కాబోలు, పెదవులు కదిలేవి. అంత శ్రద్ధగా నా మాట అంతకుముందు ఎవరూ వినలేదు. అంత శ్రద్ధగా నేనూ ఏ వస్తువునూ చూడలేదు.

చివరికి ఈరన్నే లాక్కుపోయి ఒక కంటికి ఆపరేషన్ చేయించాడు. కట్టు విప్పాక తిప్పన్న నల్లద్దాలతో షెడ్డుకు వచ్చి, నీడన నిలబడి అద్దాలు తీశాడు. మార్కెట్టు వైపు పోతున్న పత్తి బండిని చూస్తూ అలాగే ఉండిపోయాడు. "నేను ఈ మధ్య పత్తి మాసిపోయి వస్తాందనుకున్యా," అన్నాడు మెల్లగా. తర్వాత ఒక ప్లగ్గు అడిగి తీసుకుని, ఒక కన్ను మూసి చూశాడు, ఇంకో కన్ను మూసి చూశాడు. "ఈ కంటికి సున్నం. ఆ కంటికి రొట్టె. రెండూ నావే." నవ్వాడు గానీ ప్లగ్గును మాత్రం నా చేతిలోనే పెట్టాడు. "నువ్వూ సెప్పు," అన్నాడు.

ఇప్పుడు తిప్పన్న షెడ్డు మూసేసి హొళగుందలో కూతురి దగ్గర ఉంటున్నాడు. నేను ఎమ్మిగనూరులో చేలకు మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేస్తున్నాను. వాటివీ టూ-స్ట్రోక్ ఇంజన్లే. ప్లగ్గు విప్పాక ముందు నేను చూసుకుంటాను. ఏం చేయాలో మనసులో తేలిపోతుంది. అయినా జెట్ ముట్టుకోను. నాతో పనిచేసే హుసేన్ చేతిలో పెడతాను. మొన్న అతను విసుక్కున్నాడు: "ప్రతిసారీ నన్ను అడుగుతావు. నీ కంటికి ఏమయిందన్నా?"

"ఇప్పటికైతే ఏం కాలేదప్పా," అన్నాను. "రంగు సెప్పు."