సుత్తక్క, ఇరవై రెండు స్క్రూలు

సుత్తి రెండు రకాలు. ఒకటి నోటితో వేసేది, రెండోది చేత్తో వేసేది. సుత్తక్కకు మొదటిది చేతకాదు. రోజంతా పక్కన కూర్చుని పనిచేసినా ఆమె నోటినుంచి రాలే మాటలు పిడికెడు. రెండోదానిలో మాత్రం ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. పాత సామాన్ల యార్డులో, రేకుల షెడ్డు కింద, రెండు కిలోల సుత్తితో పంతొమ్మిదేళ్లుగా ఆమె టీవీలను, కంప్యూటర్లను పరలోకానికి పంపుతూ వచ్చింది. వెనక బొర్ర ఉన్న పాతకాలం టీవీకి మూడు దెబ్బలు. మొదటిదానికి డొప్ప విరుగుతుంది, రెండోదానికి గాజుమెడ తెగుతుంది, మూడోదానికి లోపలి రాగిచుట్ట దానంతటదే ఒళ్లోకి వచ్చి పడుతుంది. నాలుగో దెబ్బ వేసినవాణ్ణి యార్డులో చేతకానివాడి కింద జమకట్టేవారు.

ఈ హత్యాకాండలో నీతి ఒక్కటే. ఫోనో లాప్‌టాపో వస్తే ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. లేకపోతే అది దెబ్బకు మండి మొహం మీదికొస్తుంది. దీన్ని యార్డు భాషలో "ప్రాణం తీయడం" అంటారు. "ప్రాణం తీశావా?" అని ఒకరు, "తీశా, ఇక కొట్టు!" అని ఇంకొకరు అరుచుకోవడం విని దారినపోయేవాళ్లు నడక వేగం పెంచిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పగిలిన సామాన్లలోంచి వచ్చే తీగలన్నీ మురుగుకాలువ అవతలి గుంటకు చేరేవి. ఆ గుంట సుత్తక్క మరిదిది. తీగల మీది ప్లాస్టిక్కును కాల్చి రాగి తీయడం అతని వృత్తి. జనం అతన్ని "పొగ" అంటారు. అతను ఎదురుగా లేనప్పుడు చివర "రు" కూడా చేరుస్తారు. సుత్తక్క మొగుడు తమ్ముడి గుంట దగ్గర పదకొండేళ్లు పనిచేసి, ఆ పొగలో తన వాటాను ఊపిరితిత్తుల్లో భద్రపరుచుకుని, ఇప్పుడు ఇంట్లో గోడకు దిండు ఆనించుకుని కూర్చుంటున్నాడు. మంచం నుంచి గుమ్మం దాకా రావడానికి రెండుసార్లు ఆగుతాడు.

అటువంటి రోజుల్లో ప్రభుత్వం రంగంలోకి దిగింది. ఎలక్ట్రానిక్ వస్తువు పుట్టుక నుంచి చావు దాకా పర్యావరణానికి హాని చేయకుండా బతకాలని చట్టం తెచ్చింది. తయారుచేసేవాడు విప్పడానికి వీలుగా తయారుచేయాలి, పాతబడితే వెనక్కి తీసుకోవాలి. బాగయ్యేదాన్ని బాగుచేయాలి. కానిదాన్ని పగలగొట్టకుండా, కాల్చకుండా, స్క్రూలు విప్పి ఏ ముక్కకాముక్క వేరుచేయాలి. మొత్తానికి "జీవితచక్రం" అని పేరు పెట్టారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్న సామెతను అరవై నాలుగు పేజీల్లో ముద్రించారన్నమాట. యార్డుకు లైసెన్సు రావాలంటే అక్కడ పరీక్ష నెగ్గిన "విడదీత నిపుణులు" ఒక్కరైనా ఉండాలి. లైసెన్సున్న యార్డు తీగలు ఫ్యాక్టరీకే పోవాలి, గుంటకు పోకూడదు.

మూడు రోజుల శిక్షణలో ఇన్‌స్పెక్టరు ఆగకుండా మాట్లాడాడు. సుత్తిని నిషేధించడానికి వచ్చినాయన అంత సుత్తి వేయడం మిగతా పనివాళ్లు తట్టుకోలేక రెండో రోజే గురకలు పెట్టారు. సుత్తక్క ఒక్కతే చివరిదాకా విన్నది. అందుకని యార్డు ఓనరు ఆమెనే పరీక్షకు నిలబెట్టాడు.

"నెగ్గుతావా?" అని అడిగాడు మొగుడు.

"స్క్రూలేగా."

"నువ్వు నెగ్గితే గుంట మూతపడ్డట్టే."

"తీగలు పోకపోతే ఏం కాలుస్తాడు మీ తమ్ముడు? వాడి కడుపుమంట తప్ప."

మొగుడు నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారి తగ్గడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా సుత్తక్క అతని వీపు మీద చెయ్యేసి కూర్చుంది. ఆ పరీక్ష ఆమెకెందుకు కావాలో ఎవరూ ఆమెను అడగలేదు.

ఈ లెక్క మరిదికీ తెలుసు. "వదిన్ని చంపక్కర్లేదు, ఏ వస్తువు మీదో ఒక్క సుత్తిదెబ్బ వేయిస్తే చాలు, పరీక్ష పోతుంది" అని తన మనుషులిద్దరికీ నచ్చజెప్పాడు. అతని ఉద్యోగుల్లో ఆ ఇద్దరూ ఇనపరాడ్ల విభాగానికి చెందినవారు.

పరీక్ష రోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు బల్ల మీద ఇరవై రెండు స్క్రూలున్న పాత టీవీ పెట్టించాడు. నిగ్రహం చూడడానికని పక్కనే ఆమె సుత్తినీ పెట్టించాడు.

"అమ్మా, ముందు నోటిప్రశ్న. ఒక ఫోను వచ్చింది. మొదట ఏం చేస్తావు?"

"ప్రాణం తీస్తా సార్."

ఇన్‌స్పెక్టరు కుర్చీ జానెడు వెనక్కి జరిగింది.

"బ్యాటరీ సార్, బ్యాటరీ!" అని ఓనరు అడ్డుపడ్డాడు.

సుత్తక్క పదహారు స్క్రూలు విప్పి, వరసగా గిన్నెలో వేసేసరికి గేటు విరిగిన చప్పుడైంది. అడ్డంపోయిన ఓనరు నెత్తిమీద మొదటి రాడ్డు పడింది. ఆయన రక్తం పరీక్ష పత్రం మీద చింది, "అభ్యర్థి సంతకం" అన్నచోట ముద్రలా అంటుకుంది. ఇన్‌స్పెక్టరు బల్ల కిందికి దూరాడు, పత్రాన్ని మాత్రం వదల్లేదు.

"ఏం వదినా, స్క్రూలు లెక్కపెట్టుకుంటున్నావా? చెయ్యి దురద పెట్టట్లేదూ?" అన్నాడు మరిది.

"పరీక్షలో ఉన్నా. అయ్యాక రా."

మరిది ఆమె ఎడమ భుజం మీద కొట్టాడు. సుత్తక్క పళ్లు బిగించి పదిహేడోది విప్పింది. రెండో దెబ్బకు మెడ కింద ఎముక పుటుక్కుమంది. కళ్లు చీకట్లు కమ్మినా, పద్దెనిమిదోది తడుముకుని విప్పి గిన్నెలోనే వేసింది.

"మా అన్నలాగే మొండిదానివి! ఆయన దగ్గుతున్నాడని నా గుంట మూసుకోవాలా?" అంటూ మరిది ఈసారి రాడ్డును టీవీ మీదికి ఎత్తాడు.

అక్కడ సుత్తక్క సహనం ఆఖరైంది. తన ఎముక విరిగితే ఊరుకున్న మనిషి, ఇంకా నాలుగు స్క్రూలున్న టీవీ జోలికొస్తే ఊరుకోలేకపోయింది. పంతొమ్మిదేళ్లలో వేల టీవీలను చంపిన చెయ్యి ఒక టీవీ ప్రాణానికి అడ్డుపడడం అదే మొదలు. సుత్తి లేచింది. మరిది తుంటి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడుతోపాటు బుస్సుమని ఇంకో చప్పుడు వినిపించింది. అతని జేబులో ఫోను ఉంది. ప్రాణం తీయని ఫోను.

ప్యాంటు జేబులోంచి మంట ఎగిసింది. మరిది నేలమీద గిలగిలా కొట్టుకుంటూ, ఊళ్లో కుక్కలన్నీ అరిచేట్టు కేకపెట్టాడు. మనుషులిద్దరిలో ఒకడు పారిపోయాడు, ఇంకొకడు నీళ్ల బకెట్టు ఎత్తాడు.

"నీళ్లొద్దురా సన్నాసీ! ఇసుక!" అని అరిచింది సుత్తక్క. శిక్షణ పుస్తకంలో నలభై ఒకటో పేజీ. అరుస్తూనే మండుతున్న జేబులో చెయ్యి పెట్టి, ఫోను లాగి, ఇసుక బకెట్లో కూరింది. ఫోనుతోపాటు అరచేతి చర్మం కూడా బకెట్లోకి వెళ్లిపోయింది.

ఇన్‌స్పెక్టరు బల్ల కిందినుంచి బయటికొచ్చి, దుమ్ము దులుపుకుని, పత్రం చూసుకున్నాడు. "సుత్తితో కొట్టిన పరికరాలు అని ఒక గడి ఉంది."

నెత్తికి గుడ్డ నొక్కుకుంటూ ఓనరు లేచాడు. "మనిషిని కొట్టింది సార్! మనిషి పరికరం కాదు కదా!"

"మనిషి సంగతి పోలీసులు చూసుకుంటారు. ఇందులో ఆ గడి లేదు. నా బాధ ఫోను గురించి. బ్యాటరీ తీయకుండా కొట్టింది." ఆయన పుస్తకం తిరగేసి, నేలమీదున్న మరిది దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "ఏమయ్యా, నిజం చెప్పు. పాతదైపోయిందని యార్డుకి తెచ్చిన ఫోనా, నీ వాడకంలో ఉన్నదా? పాతదైతే ఈవిడ పరీక్ష పోయినట్టే."

మరిది నోట్లోంచి "పాతది" అన్న ఒక్క మాట వస్తే చాలు, వచ్చిన పని అయిపోయేది. కానీ కాలింది అతని ఫోను.

"పాతదేంటి! మొన్న కొన్నా! కొత్త ఫోను! నాకు నష్టపరిహారం కట్టించండి సార్!"

"అన్నా..." అంటూ నీళ్ల బకెట్టువాడు నుదురు కొట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు నెత్తుటి మరకను తప్పించి రాశాడు: "వాడుకలో ఉన్న వస్తువు. జీవితచక్రం ముగియలేదు. ఈ చట్టం వర్తించదు."

మిగిలిన నాలుగు స్క్రూలు సుత్తక్క ఎడమచేత్తో విప్పింది. గంటంబావు పట్టింది. అంబులెన్సువాళ్లు గేటు దగ్గర నిలబడి చూశారు.

సర్టిఫికెట్టూ పోలీసు కేసూ ఒకే వారంలో వచ్చాయి. మొదటిదాన్ని మొగుడు తన దిండు పైన గోడకు తగిలించుకున్నాడు. ఆమె కుడిచేతి వేళ్లు పిడి చుట్టూ మళ్లీ మూసుకోలేదు. మూడు నెలలకు గుంట చల్లారింది. కిటికీ తీసి పడుకోవడం మొగుడు కొత్తగా నేర్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మరిది చంకకర్ర మీద వచ్చి, నల్లగా మాడిన ఫోనును బల్ల మీద పెట్టాడు. పోలీసులు దాన్ని తిరిగిచ్చేశారు, చట్టప్రకారం చెత్తలో వేయకూడదు, లైసెన్సున్న చోట ఇవ్వాలి. చుట్టుపక్కల లైసెన్సున్నది ఈ ఒక్క యార్డుకే.

"తీసుకుంటారా వదినా?"

"ఇప్పుడైనా పాతదేనా?"

"పాతదే" అన్నాడు మరిది, నేలచూపులు చూస్తూ.

షెడ్డు లోపలినుంచి ఎవరో అలవాటుగా అరిచారు. "అక్కా, ప్రాణం తీశావా?"

సుత్తక్క ఎడమచేత్తో ఫోను అందుకుని, మరిది చంకకర్రను పైనుంచి కిందికోసారి చూసింది.

"సగం" అంది.